వ్యవసాయ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఉపయోగదారుల సంతృప్తి సర్వేక్షణ: ప్రణాళిక, నిర్వహణ, ఫలితాల పఠనం

సారాంశం

గ్రంథాలయ సేవలపై ఉపయోగదారుల సంతృప్తిని కొలిచే సర్వేక్షణలు వ్యవసాయ కళాశాలలకు కొత్తవి కావు. గ్రంథాలయానికి వచ్చినవారినే అడిగి, లభించిన సగటును నివేదికలో చేర్చడంతో వీటిలో కొన్ని ముగుస్తున్నాయి. రానివారిని చేర్చకుండా, ఉపయోగదారుడు ఆశించిన స్థాయిని తెలుసుకోకుండా తీసిన సగటు ఏ నిర్ణయానికీ ఆధారం కాజాలదని ఈ వ్యాసంలో వివరించడమైనది. నమూనా ఎంపిక, ప్రశ్నల రూపకల్పన, సమయ నిర్ణయం, గోప్యత, విశ్లేషణ అనే అంశాలను వ్యవసాయ విశ్వవిద్యాలయ పరిస్థితులకు అన్వయించి చర్చించడమైనది. గణన ఉదాహరణలలోని సంఖ్యలు బోధన కొరకు ఊహించుకున్నవి.

పరిచయం

కిసాన్ మేళాకు వచ్చిన రైతులను మాత్రమే ప్రశ్నించి, జిల్లాలో ఒక కొత్త వరి వంగడం ఎంతవరకు వ్యాపించిందో తేల్చే విస్తరణ విద్యార్థిని ఏ మార్గదర్శకుడూ సమర్థించడు. మేళాకు వచ్చే రైతుకు సమాచారంపై ఆసక్తి ఉంటుంది, రాకపోకలకు వీలు ఉంటుంది, శాస్త్రవేత్తలతో ఎంతో కొంత పరిచయం ఉంటుంది. జిల్లాలోని మిగిలిన రైతులకు అతడు ప్రతినిధి కాడు. ఈ సంగతి విస్తరణ విద్య మొదటి పాఠాలలోనే నేర్పుతారు. అయినప్పటికీ, అదే విద్యార్థి గ్రంథాలయ సర్వేక్షణను చేపట్టినపుడు ప్రశ్నావళులను పుస్తకాలు ఇచ్చే కౌంటరుపై పెట్టి, నింపి వెళ్ళినవారి సమాధానాలను కళాశాల మొత్తం అభిప్రాయంగా సమర్పించడం కనిపిస్తుంది. పొలంలో పాటించే జాగ్రత్త పఠన మందిరంలో ఎందుకు సడలుతుందో ఆలోచించవలసిన విషయమే.

ఈ సర్వేక్షణల ఫలితాలు నివేదికల అనుబంధాలలో నిద్రపోతాయనుకోవడం కూడా సరికాదు. గుర్తింపు సంఘాల సందర్శన సమయంలో వాటిని చూపుతారు. ఏ పత్రికల చందా కొనసాగించాలి, గ్రంథాలయాన్ని ఎన్ని గంటల వరకు తెరిచి ఉంచాలి, ఖాళీ అయిన గ్రంథాలయ సహాయకుని స్థానాన్ని నింపాలా వద్దా అనే చర్చలలో వాటిని ఉదాహరిస్తారు.

ఈ వ్యాసకర్త కొన్నేళ్ళ క్రితం సహకరించిన ఒక సర్వేక్షణలో రాత్రి పఠన వేళల పొడిగింపుపై ఒక ప్రశ్న ఉండెను. పగటిపూట కౌంటరు వద్ద నిండిన పత్రాలలో ఆ సౌకర్యం అవసరమన్నవారు కొద్దిమందే. ఆ ఆధారంతో పొడిగింపు ప్రతిపాదనను పక్కన పెట్టడం జరిగింది. తరువాత మహిళా వసతిగృహంలో కొందరు స్నాతకోత్తర విద్యార్థినులతో మాట్లాడినపుడు అసలు సంగతి తెలిసింది. గ్రంథాలయం మూసే వేళకు ముందే వసతిగృహ ద్వారం మూసివేస్తున్నందున వారు సాయంత్రం రావడమే మానుకొన్నారు. పగలంతా ప్రయోగశాలలోనో ప్రయోగ క్షేత్రంలోనో ఉంటారు కనుక పగటి వేళ కౌంటరు వద్దకు కూడా రారు. రాత్రి వేళలు ఎవరికి అత్యవసరమో వారి చేతికి పత్రమే అందలేదు. ఆ తప్పులో ఈ వ్యాసకర్తకూ భాగం ఉన్నది.

సంతృప్తిని కొలవడంలోని చిక్కు

సంతృప్తి అనేది సేవ నాణ్యతకు నేరుగా కొలత కాదు. ఉపయోగదారుడు ఆశించినదానికి, పొందినదానికి మధ్య గల దూరాన్ని అది తెలుపుతుంది. పుస్తకాలు అంతగా లేని ఉన్నత పాఠశాల నుండి వచ్చిన ప్రథమ సంవత్సరం విద్యార్థికి విశ్వవిద్యాలయ గ్రంథాలయం ఒక అద్భుతంగా తోచవచ్చును. అదే గ్రంథాలయం, తన పరిశోధనాంశంపై గత రెండేళ్ళలో వెలువడిన వ్యాసాలన్నీ చూడవలసిన పీహెచ్‌డీ విద్యార్థికి చాలకపోవచ్చును. ఇద్దరి మార్కులను కలిపి తీసిన సగటు ఇద్దరి గురించీ ఏమీ చెప్పదు.

సేవారంగంలో ఈ దూరాన్ని కొలిచేందుకు పరశురామన్, జైథామల్, బెర్రీ అనే పరిశోధకులు 1988లో సర్వ్‌క్వాల్ అనే సాధనాన్ని ప్రచురించారు. అందులోని 22 అంశాలపై మొదట ఆశించే స్థాయిని, తరువాత పొందిన అనుభవాన్ని అడుగుతారు. గ్రంథాలయాలకు తగిన రీతిలో దానిని మార్చి, అమెరికాలోని పరిశోధన గ్రంథాలయాల సంఘం, టెక్సాస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయం కలసి 2000లో లిబ్‌క్వాల్‌ను ప్రారంభించాయి. ఇందులోనూ ముఖ్యాంశాలు 22. సిబ్బంది చూపే ఆదరణ, సమాచారం తనంతట తాను పొందగలగడం, స్థలంగా గ్రంథాలయం అని అవి మూడు పార్శ్వాలుగా ఉంటాయి. ప్రతి అంశానికీ ఉపయోగదారుడు 1 నుండి 9 వరకు గల మాపనిపై మూడు మార్కులు వేస్తాడు: తాను సహించగల కనీస స్థాయి, కోరుకునే స్థాయి, ప్రస్తుతం అందుతున్నదని భావించే స్థాయి.

మూడు మార్కుల ప్రయోజనం ఒక చిన్న ఉదాహరణతో తేటపడుతుంది. పరిశోధన పత్రికల లభ్యతపై ప్రస్తుత స్థాయి 6.5, కనీస స్థాయి 7.0, కోరుకునే స్థాయి 8.5 అని, పఠన మందిరపు కుర్చీలపై ప్రస్తుత స్థాయి 6.0, కనీస స్థాయి 4.5, కోరుకునే స్థాయి 6.5 అని వచ్చినవనుకొందాము. ప్రస్తుత స్థాయిని మాత్రమే అడిగి ఉంటే పత్రికల పరిస్థితి కుర్చీల కంటే మెరుగని నివేదించి, అందిన నిధులను కుర్చీలకు ఖర్చు చేసేవారము. కనీస స్థాయితో పోల్చినపుడు చిత్రం తారుమారవుతుంది. పత్రికలు కనీస స్థాయికి 0.5 దిగువన ఉన్నవి, కుర్చీలు 1.5 ఎగువన ఉన్నవి. ఉపయోగదారుడు కుర్చీలతో సర్దుకుపోగలడు, పత్రికలు లేకుండా పని సాగించలేడు.

అయితే 22 అంశాలకు మూడేసి చొప్పున 66 మార్కులు వేయమంటే మన విద్యార్థులలో చాలామంది పదవ అంశం దాటేసరికి ఒకే నిలువు వరుసలో గీతలు పెట్టుకుంటూ పోతారు. సాధనాన్ని యథాతథంగా దిగుమతి చేసుకొనుట కంటే, మన గ్రంథాలయానికి కీలకమైన ఎనిమిది లేక పది అంశాలను ఎన్నుకొని, వాటికి ‘ఇది మీ పనికి ఎంత ముఖ్యం’, ‘ఇప్పుడు ఎంతవరకు అందుతున్నది’ అని రెండు ప్రశ్నలు మాత్రమే అడుగుట ఆచరణకు అనువైనదని ఈ వ్యాసకర్త అభిప్రాయం. ముఖ్యత ఎక్కువై, అందుబాటు తక్కువైన అంశాలే ముందు పట్టించుకోవలసినవి.

ప్రశ్నావళికి ముందు వ్రాయవలసిన కాగితం

ప్రశ్నలు వ్రాయుటకు ముందే మరొక కాగితం సిద్ధం కావలెను. దానిలో ఎడమవైపు అడగదలచిన విషయం, కుడివైపు ‘సమాధానం ప్రతికూలంగా వస్తే ఎవరు, ఎప్పటిలోగా, ఏమి చేయగలరు’ అన్నది వ్రాయవలెను. కుడివైపు ఖాళీగా మిగిలిన విషయాలను నిర్దాక్షిణ్యంగా కొట్టివేయవచ్చును. భవనం రంగు నచ్చినదా అని అడిగి, రంగు మార్చే అధికారం గాని నిధులు గాని లేనపుడు, ఆ ప్రశ్న సమాధానదాత సమయాన్ని వృథా చేయడమే గాక ఏదో మారుతుందన్న ఆశను కల్పిస్తుంది. రంగనాథన్ 1931లో ప్రకటించిన అయిదు గ్రంథాలయ సూత్రాలలో నాలుగవది పాఠకుని సమయాన్ని ఆదా చేయమంటుంది. సర్వేక్షణ పత్రానికి కూడా ఆ సూత్రం వర్తిస్తుంది.

ఈ కాగితాన్ని గ్రంథపాలకుడు ఒక్కడే వ్రాయరాదు. కౌంటరు సిబ్బంది, ఒక విద్యార్థి ప్రతినిధి, ఒక పరిశోధకుడు, వీలైతే ప్రాంగణం వెలుపల పనిచేసే ఒక శాస్త్రవేత్త కూర్చొని వ్రాస్తే మంచిది. కౌంటరు సిబ్బందికి తెలిసినంతగా పాఠకుల ఇబ్బందులు అధికారులకు తెలియవు.

ఇదే దశలో గ్రంథాలయంలో అప్పటికే ఉన్న లెక్కలను కూడా ముందుంచుకోవలెను. కోహా వంటి గ్రంథాలయ సాఫ్ట్‌వేర్ ఉన్నచోట ఏ విభాగపు పుస్తకాలు ఎన్నిసార్లు వెళ్ళాయో, ఏ పుస్తకానికి ఎందరు వరుసలో వేచి ఉన్నారో క్షణాలలో తెలుస్తుంది. ద్వారం వద్ద సంతకాల పుస్తకం, పఠన మందిరంలో గంటగంటకు నిండిన కుర్చీల లెక్క కూడా ఉపయోగకరమే. లెక్కలలో దొరికేదానిని పాఠకుని అడగనక్కరలేదు. లెక్కలకు అందని ‘ఎందుకు’ను మాత్రమే అడగవలెను.

ఎవరిని అడగవలెను

వ్యవసాయ విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి ఉపయోగదారులు ప్రాంగణంలో ఉన్నవారే కారు. ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానాలు, కృషి విజ్ఞాన కేంద్రాలు, ఏరువాక కేంద్రాలలో పనిచేసే శాస్త్రవేత్తలు అదే విశ్వవిద్యాలయ సిబ్బంది. మారుటేరులో వరిపై, అనకాపల్లిలో చెరకుపై పనిచేసేవారు, ఏజెన్సీ ప్రాంతమైన చింతపల్లిలో ఉన్నవారు కేంద్ర గ్రంథాలయంలో ఎన్నడో గాని అడుగుపెట్టరు. వారికి గ్రంథాలయమంటే వ్యవసాయ పరిశోధన సంస్థల కొరకు 2007లో ఏర్పడిన ‘సెరా’ కన్సార్టియం పత్రికలు, సిద్ధాంత గ్రంథాలను నిక్షిప్తం చేసిన ‘కృషికోశ్’, సకాలంలో బదులిచ్చే ఒక ఈమెయిల్. రైతుకు తెలుగులో కరపత్రం తయారుచేయవలసిన విస్తరణ శాస్త్రవేత్తకు పాత వ్యవసాయ పంచాంగాలు, తెలుగు వ్యవసాయ మాసపత్రికల వెనుకటి సంచికలు అవసరమవుతాయి. వీరిని జాబితాలో చేర్చని సర్వేక్షణ విశ్వవిద్యాలయ గ్రంథాలయ సర్వేక్షణ అనిపించుకోదు.

అందుచేత నమూనాను గ్రంథాలయ సభ్యుల పట్టిక నుండి గాక, విద్యా విభాగపు ప్రవేశ జాబితా నుండి, సిబ్బంది జాబితా నుండి తీయవలెను. సభ్యత్వం తీసుకోనివారు, తీసుకొని ఒక్క పుస్తకమైనా తీయనివారు అపుడే నమూనాలోకి వస్తారు.

నమూనా పరిమాణానికి మన సిద్ధాంత గ్రంథాలలో యమానే సూత్రాన్ని విరివిగా వాడుతున్నారు: సమష్టి సంఖ్యను, ఆ సంఖ్యను అనుమతించిన దోషపు వర్గంతో గుణించి 1 కలుపగా వచ్చిన మొత్తంతో భాగించవలెను. ఒక కళాశాల పరిధిలో 1,200 మంది ఉపయోగదారులు ఉన్నారని, 5 శాతం దోషాన్ని అనుమతిస్తున్నామని అనుకొంటే, 1,200ను 4తో భాగించగా 300 వస్తుంది. ఇంతవరకు అందరూ చేస్తారు. తరువాతి రెండు మెట్లే తరచుగా తప్పిపోతాయి.

మొదటిది, 300 అనేది అందవలసిన సమాధానాల సంఖ్య. పదిమందిలో ఆరుగురు బదులిస్తారని అంచనా ఉంటే 500 మందిని ఎన్నుకోవలెను. బదులివ్వనివారి స్థానంలో దారిన పోయేవారిని చేర్చి 300 పూర్తిచేయుట నమూనాను చెడగొట్టుటే.

రెండవది, 5 శాతం దోషం 1,200 మంది మొత్తానికి వర్తిస్తుంది గాని, లోపలి ఒక్కొక్క వర్గానికి కాదు. ఆ 1,200 మందిలో స్నాతక విద్యార్థులు 800, స్నాతకోత్తర విద్యార్థులు 200, పీహెచ్‌డీ విద్యార్థులు 60, బోధకులు, శాస్త్రవేత్తలు 140 అనుకొందాము. 300ను అనుపాతంలో పంచితే వరుసగా 200, 50, 15, 35 వస్తాయి. పదిహేనుమంది పీహెచ్‌డీ విద్యార్థుల సమాధానాలకు అదే సూత్రాన్ని తిరగవేసి చూస్తే దోషం దాదాపు 22 శాతానికి చేరుతుంది. గ్రంథాలయంపై అత్యధికంగా ఆధారపడే వర్గం గురించి మనకు దాదాపు ఏమీ తెలియకుండా పోతుందన్నమాట. వారిలో 40 మంది నుండి సమాధానాలు రాబడితే దోషం 9 శాతానికి తగ్గుతుంది. ఇంత చిన్న వర్గంలో అరవైమందినీ అడుగుట ఇంకా మేలు. స్తరీకృత యాదృచ్ఛిక నమూనా అంటే అనుపాతంలోనే పంచవలెనన్న నియమం లేదు. చిన్న వర్గాల నుండి ఎక్కువ తీసి, మొత్తం సగటు లెక్కించేటపుడు ప్రతి వర్గానికీ సమష్టిలోని వాటా మేరకు భారం ఇస్తే సరిపోతుంది.

సంఖ్య పెద్దదైతే పక్షపాతం తొలగుతుందన్న భ్రమ చాలామందిలో ఉన్నది. 1936 అమెరికా అధ్యక్ష ఎన్నికలకు ముందు లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక సుమారు కోటిమందికి పత్రాలు పంపింది. ఇరవై లక్షలకు పైగా తిరిగి వచ్చాయి. లాండన్ గెలుస్తాడని పత్రిక ప్రకటించగా, 48 రాష్ట్రాలలో 46 రాష్ట్రాలను రూజ్‌వెల్ట్ గెలుచుకున్నాడు. టెలిఫోన్, మోటారు వాహనాల జాబితాల నుండి చిరునామాలు తీసుకొనుట ఒక లోపం. పత్రం తిప్పి పంపిన వారికి, పంపని వారికి మధ్య గల తేడా రెండవ లోపం. మొబైల్ సమూహంలో గూగుల్ ఫారం లంకెను పెట్టి, వచ్చినన్ని సమాధానాలతో సంతృప్తి పడేవారు ఈ ఉదంతాన్ని గుర్తుంచుకోదగును. ఫారంలో దోషం లేదు. ఎన్నుకున్న వ్యక్తికి విడిగా పంపినపుడు అదే ఫారం చక్కగా పనిచేస్తుంది.

ప్రశ్నలు

‘మన గ్రంథాలయం అందిస్తున్న విశిష్ట సేవలతో మీరు ఎంతవరకు సంతృప్తి చెందారు?’ అన్న ప్రశ్న సమాధానాన్ని తానే చెప్పేస్తున్నది. ‘సిబ్బంది మర్యాదగా, త్వరగా సేవలందిస్తున్నారా?’ అన్నదానిలో రెండు ప్రశ్నలు ఇమిడి ఉన్నవి. మర్యాద ఉండి వేగం లేనిచోట పాఠకుడు దేనికి మార్కు వేయవలెను? ‘మీరు తరచుగా గ్రంథాలయానికి వస్తారా?’ అన్నపుడు తరచుదనం ఒక్కొక్కరికి ఒక్కొక్క రీతిగా ఉంటుంది. ‘గత నాలుగు వారాలలో ఎన్ని రోజులు వచ్చారు?’ అని అడిగితే లెక్క దొరుకుతుంది. ఇవి పాఠ్యపుస్తకాలలో ఉన్నవే గనుక విస్తరించనక్కరలేదు.

పుస్తకాలలో అంతగా నొక్కి చెప్పని లోపం మరొకటి ఉన్నది. లైకర్ట్ 1932లో ప్రతిపాదించిన అయిదు మెట్ల మాపనిలో మధ్య మెట్టును మనవారు ‘తెలియదు’, ‘వాడలేదు’, ‘చెప్పలేను’, ‘ఫరవాలేదు’ అన్నింటికీ వాడుకొంటారు. సెరా పేరే వినని ప్రథమ సంవత్సరం విద్యార్థి ఆ సేవపై 3 మార్కులు వేస్తాడు. ఆ మూడు సగటులో కలిసిపోయి, సేవ మధ్యస్థంగా ఉన్నదన్న అభిప్రాయాన్ని కలిగిస్తుంది. అసలు సంగతి ఆ సేవ అతనికి తెలియకపోవుట. దానికి చికిత్స వేరు: చందా పెంచుట కాదు, పరిచయ తరగతి నిర్వహించుట. అందుచేత ప్రతి సేవకూ ‘ఈ సేవ ఉన్నదని తెలియదు’, ‘తెలుసు గాని వాడలేదు’ అని రెండు గడులను మాపనికి వెలుపల విడిగా ఉంచవలెను. ఈ రెండు గడులలో పడిన గుర్తులను లెక్కించుటే కొన్ని సర్వేక్షణలలో అత్యంత విలువైన ఫలితం కాగలదు.

భాష విషయం కూడా ప్రస్తావించదగినది. తెలుగు మాధ్యమం నుండి వచ్చిన విద్యార్థులకు, గ్రంథాలయ సహాయ సిబ్బందికి తెలుగు ప్రశ్నావళి ఇవ్వవలెను. అయితే ఆంగ్ల ప్రశ్నావళిని మాటకు మాట తెనిగిస్తే ‘సమాచార వనరుల ప్రాప్యత పట్ల మీ సంతృప్తి స్థాయి’ వంటి వాక్యాలు పుడతాయి. ‘మీకు కావలసిన పుస్తకం అలమరలో ఉండవలసిన చోటనే దొరుకుతున్నదా?’ అన్న ప్రశ్న అందరికీ అర్థమవుతుంది.

స్వేచ్ఛగా వ్రాసే ప్రశ్నలు రెండింటికి మించరాదు. ‘మీ సూచనలు’ అని ఖాళీ గీతలు వదిలితే ‘బాగున్నది’ అన్న మాటే ఎక్కువగా వస్తుంది. దానికి బదులు ‘గత నెలలో మీరు వెదకి, దొరకక వదిలేసిన పుస్తకం, వ్యాసం లేదా సమాచారం ఒక్కటి వ్రాయండి, తరువాత దానికై ఏమి చేశారు?’ అని అడగండి. ఈ ఒక్క ప్రశ్నకు వచ్చే సమాధానాల నుండి కొనుగోలు జాబితా తయారవుతుంది. విద్యార్థి చివరకు ఎక్కడికి వెళ్ళాడో, సీనియరు వద్దనున్న పాత నోట్సుకా, నెట్‌లోని అక్రమ ప్రతికా, ఏదీ లేక అంశాన్నే వదిలేశాడా అన్నది కూడా తెలుస్తుంది.

సిద్ధమైన ప్రశ్నావళిని పదిహేను, ఇరవైమందిపై ముందస్తుగా పరీక్షించవలెను. వారు నింపుతున్నపుడు ప్రక్కన కూర్చొని, ప్రతి ప్రశ్నకు ఏమి అర్థం చేసుకున్నారో బిగ్గరగా చెప్పమని కోరవలెను. క్రాన్‌బాక్ ఆల్ఫా 0.7 దాటినదని చూపి ఈ మెట్టును దాటవేయుట విద్యార్థులలో పరిపాటి. ఆల్ఫా అంశాల మధ్య పొత్తును తెలుపుతుంది; ప్రశ్నను అందరూ ఒకే రీతిగా తప్పుగా అర్థం చేసుకున్నా అది ఎక్కువగానే వస్తుంది.

సమయం, గోప్యత

వ్యవసాయ విద్యకు తనదైన పంచాంగం ఉన్నది. చివరి సంవత్సరం స్నాతక విద్యార్థులు ఒక సెమిస్టరు రావెప్ కార్యక్రమం కింద గ్రామాలలో ఉంటారు. ఆ మాసాలలో ప్రాంగణంలో సర్వేక్షణ జరిపితే ఒక తరగతి మొత్తం జారిపోతుంది. ఖరీఫ్ నాట్లు, పూత, కోత దశలలో శాస్త్రవేత్తలు క్షేత్రాలలో ఉంటారు. పరీక్షల వారంలో పఠన మందిరం కిక్కిరిసి ఉంటుంది గనుక స్థలాభావంపై అసంతృప్తి సహజం కన్న ఎక్కువగా నమోదవుతుంది. సెమిస్టరు మొదలైన ఆరు, ఏడు వారాల తరువాత, మధ్యంతర పరీక్షలను తప్పించి, రెండు మూడు వారాలలో ముగించుట అనుకూలం. ఒక ఆహ్వానం, దాని తరువాత రెండు జ్ఞాపికలు చాలును. మొదటి ఆహ్వానానికే బదులిచ్చినవారి సమాధానాలను, జ్ఞాపికల తరువాత బదులిచ్చినవారి సమాధానాలను విడిగా పోల్చి చూడవలెను. ఆలస్యంగా బదులిచ్చినవారు అసలే బదులివ్వనివారికి కొంత దగ్గరగా ఉంటారన్న ఊహపై ఆధారపడిన పద్ధతి ఇది. సంపూర్ణం కాకపోయినా, బదులివ్వనివారు ఏవైపు ఉన్నారో సూచిస్తుంది.

మార్కులు వేసే అధ్యాపకుడు తరగతిలో పత్రాలు పంచి, తానే వసూలు చేస్తే విద్యార్థి నిజం వ్రాయడు. కౌంటరు వద్ద సిబ్బంది చూస్తుండగా సిబ్బంది ప్రవర్తనపై నింపుట కూడా అటువంటిదే. శాస్త్రవేత్త ఎదుట కూర్చున్న రైతు ‘అంతా బాగానే ఉన్నదండీ’ అనడాన్ని ఎరిగినవారికి ఇది విడమరచి చెప్పనక్కరలేదు. ప్రశ్నావళిపై పేరు, రోల్ నంబరు ఉండరాదు. జ్ఞాపికలు పంపుటకు ఎవరు బదులిచ్చారో తెలియవలసి ఉంటే, ఆ జాబితాను సమాధానాలతో కలపకుండా వేరొకరి వద్ద ఉంచవలెను.

పేరు తీసివేసినంత మాత్రాన గోప్యత సమకూరదు. ఒక విభాగంలో ఇద్దరే పీహెచ్‌డీ విద్యార్థినులు ఉన్నపుడు విభాగం, కోర్సు, లింగం అనే మూడు గడులు చాలును, వ్యక్తి ఎవరో తెలిసిపోతుంది. నివేదికలో అయిదుగురి కంటే తక్కువమంది ఉన్న గడులను పక్క గడులతో కలిపివేయుట మంచి పద్ధతి.

ఫలితాల పఠనం

పైన ఊహించిన నాలుగు వర్గాలు గ్రంథాలయ వేళలపై అయిదు మార్కులకు వరుసగా 3.9, 3.1, 2.4, 4.0 సగటు వేశాయనుకొందాము. వర్గాల సంఖ్యల మేరకు భారమిచ్చి లెక్కిస్తే మొత్తం సగటు 3.7 వస్తుంది. ‘గ్రంథాలయ వేళలపై ఉపయోగదారులు సంతృప్తిగా ఉన్నారు’ అని వ్రాయుటకు 3.7 చాలును. పీహెచ్‌డీ విద్యార్థుల 2.4 ఆ వాక్యం కింద కనిపించకుండా పోతుంది. భారం ఇచ్చుట గణితరీత్యా సరియైనదే. సగటుతో ఆగిపోవుటే పొరపాటు. వర్గాలవారీ పట్టికను ముందు ఇచ్చి, మొత్తం సగటును చివర ఇచ్చుట ఈ వ్యాసకర్త సిఫారసు.

సగటు పక్కన సమాధానాల వ్యాప్తిని కూడా చూపవలెను. సగం మంది 5, సగం మంది 1 వేసినా, అందరూ 3 వేసినా సగటు ఒక్కటే. ఎంతశాతం మంది 1 లేక 2 వేశారో తెలుపుట అధికారులకు సులభంగా అర్థమవుతుంది. అసంతృప్తులు ఎందరన్నదే వారు అడిగే ప్రశ్న.

మన స్నాతకోత్తర సిద్ధాంత గ్రంథాలలో వయస్సు, లింగం, విభాగం, కోర్సు, నివాసం వంటి ప్రతి లక్షణానికీ ప్రతి అంశంతో కై-వర్గ పరీక్ష చేసి, నక్షత్రం గుర్తులు పడినవాటిని చర్చించే అలవాటు స్థిరపడింది. 5 శాతం స్థాయిలో ఇరవై పరీక్షలు చేస్తే, ఏ సంబంధమూ లేకున్నా సగటున ఒక దానికి నక్షత్రం పడుతుంది. ఏ పోలికలు చేస్తామో ప్రశ్నావళికి ముందు వ్రాసిన కాగితంలోనే వ్రాసి ఉంటే ఈ ఇబ్బంది రాదు. మహిళా విద్యార్థుల సాయంకాల వినియోగాన్ని పురుష విద్యార్థులతో పోల్చుటకు కారణం ముందే ఉన్నది. రాశుల వారీగా పోల్చుటకు లేదు.

స్వేచ్ఛా సమాధానాలను ఇద్దరు విడివిడిగా చదివి, వర్గాలుగా గుర్తించి, తరువాత సరిపోల్చుకోవలెను. ఇద్దరికీ పొందిక కుదరనిచోట వర్గం పేరు అస్పష్టంగా ఉన్నదని గ్రహించవలెను. లెక్కకు అందని సమాధానాలను, ఒక్కరే వ్రాసినవైనా, గ్రంథపాలకుడు స్వయంగా చదవవలెను. పై అంతస్తుకు చక్రాల కుర్చీ వెళ్ళదని ఒక్క విద్యార్థి వ్రాస్తే అది శాతాల పట్టికలో కనిపించదు, అయినా వెంటనే పరిష్కరించవలసినది.

గ్రంథాలయ లెక్కలతో పోల్చినపుడు కొన్ని వైరుధ్యాలు బయటపడతాయి. పాఠ్యపుస్తకాల ప్రతులు చాలవని చాలామంది వ్రాసి, కోహాలో అవే పుస్తకాలు అలమరలో ఉన్నట్లు చూపుతున్నదనుకొందాము. పుస్తకం చోటు తప్పి ఉండవచ్చు, ఒక్కొక్కరు సెమిస్టరంతా తిరిగి పొందించుకుంటూ ఉండవచ్చు, పాత ముద్రణ మాత్రమే మిగిలి ఉండవచ్చు. ఇరవై శీర్షికలు తీసుకొని అలమర వద్దకు వెళ్ళి చూస్తే ఒక పూటలో తేలిపోతుంది. అటువంటి పని మిగిల్చి ఉంచిన సర్వేక్షణ నివేదికను అసంపూర్ణంగానే పరిగణించవలెను.

సమాధానమిచ్చినవారికి తిరిగి చెప్పుట

ఫలితాలు వెలువడిన నెలలోపున గ్రంథాలయ ద్వారం వద్ద, విభాగాల నోటీసు బోర్డులపై, పరిశోధన స్థానాలకు ఈమెయిల్ ద్వారా ఒక పుట ప్రకటన వెళ్ళవలెను. మీరు చెప్పినది ఇది, మేము ఇప్పటికే మార్చినది ఇది, వచ్చే సెమిస్టరులో మార్చబోయేది ఇది, మార్చలేనిది ఇది, దానికి కారణం ఇది అని అందులో ఉండవలెను. నాలుగవ భాగాన్ని దాచవలెననే ఒత్తిడి తరచుగా వస్తుంది. వసతిగృహ ద్వారపు వేళలు గ్రంథపాలకుని చేతిలో లేవు; ఆ విషయాన్ని ఫలితాలతో సహా వసతిగృహ పాలకులకు వ్రాశామని, సమాధానం కొరకు వేచి ఉన్నామని చెప్పుటలో తప్పు లేదు. రెండవసారి సర్వేక్షణకు వచ్చే సమాధానాల సంఖ్య ఈ ఒక్క పుటపై చాలావరకు ఆధారపడి ఉంటుంది.

మరల సర్వేక్షణ ఎప్పుడు జరుపవలెనన్న ప్రశ్నకు రెండేళ్ళు తగిన వ్యవధి అనవచ్చును. ఏటేటా జరిపితే మార్పులు అమలు కావు, సమాధానదాతలు విసుగుచెందుతారు. ఆరు లేక ఎనిమిది ప్రశ్నలను ఒక్క అక్షరం మార్చకుండా ప్రతిసారీ ఉంచితేనే పోలికకు వీలు కలుగుతుంది. మిగిలినవి అవసరాన్ని బట్టి మార్చుకోవచ్చును. నమూనా జాబితా తయారైన తీరు, వర్గాలకు ఇచ్చిన భారాలు, సంకేతాల పట్టిక, పేర్లు తొలగించిన దత్తాంశాలు, వాడిన ప్రశ్నావళి ప్రతి ఒక్కచోట భద్రపరచి, గ్రంథాలయ దస్త్రాలలో చేర్చవలెను. సర్వేక్షణ జరిపిన విద్యార్థి పట్టా పుచ్చుకొని వెళ్ళేటపుడు ఇవి అతని ల్యాప్‌టాప్‌తో పాటు వెళ్ళిపోకుండా, సిద్ధాంత గ్రంథం సమర్పించే నాటికే వాటిని గ్రంథపాలకునికి అప్పగించి రసీదు తీసుకొనునట్లు మార్గదర్శకుడు చూడవలెను.